జీతం ఆగితే కాలేజీ లెక్క అడగడం ఎలా

"ఇంకా గవర్నమెంటు నుంచి దుడ్లు పడలేదు సార్, పడతానే వేస్తాం."

అనంతపురంలో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పిన రోజుల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అకౌంట్స్ కిటికీ దగ్గర నిలబడి, లోపలున్న క్లర్కుకూ జీతం రాలేదని తెలిసి, ఏమీ అనలేక వెనక్కి వచ్చేవాణ్ణి. ఒకసారి వరుసగా ఐదు నెలలు అలాగే గడిచాయి. ఇంటి బాడుగ, చీటీ కంతు, అమ్మ మందులు ఏవీ ఆగవు కదా. జీతం ఒక్కటే ఆగింది.

ఇది 2019కి ముందు సంగతి. ఆ డబ్బు, అంటే పిల్లల తరఫున ప్రభుత్వం కట్టే ఫీజు, వచ్చిందా లేదా అన్నది సర్కారు కాగితాల్లో తేదీతో సహా ఉంటుందని, సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి ఆ తేదీ అడగొచ్చని ఆ ఐదు నెలలూ నాకు తోచలేదు. రిటైరైన ఒక సీనియర్ చెబితే అడిగాం. మేం ఎదురుచూస్తున్న రెండో నెలలోనే ఒక విడత కాలేజీ ఖాతాకు చేరినట్టు జవాబు వచ్చింది. ఆ కాగితం చూశాక మా స్టాఫ్ రూములో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో మీరు లెక్చరరైనా, ల్యాబ్ అసిస్టెంటైనా, ఫీజు కట్టే తల్లిదండ్రులైనా ఈ పని మీ అంతట మీరే చేయగలరు. లాయరుతో పని లేదు, యూనియన్ ఉండాల్సిన అవసరమూ లేదు.

ముందు మీ కాలేజీ ఏ రకమో తేల్చుకోండి

ఎవరిని అడగాలన్నది దీన్నిబట్టే ఉంటుంది. ప్రభుత్వ డిగ్రీ కాలేజీ అయితే కళాశాల విద్యాశాఖ కిందికి వస్తుంది. మన ప్రాంతానికి ఆ శాఖ ప్రాంతీయ సంయుక్త సంచాలకుల ఆఫీసు కడపలో ఉంది. శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ యూనివర్సిటీలు, జేఎన్‌టీయూ అనంతపురం నేరుగా ప్రభుత్వ సంస్థలే. ఒక్కోదానికీ సొంత సమాచార అధికారి ఉంటారు. ఎయిడెడ్ కాలేజీలో గ్రాంటు పోస్టుల జీతం ప్రభుత్వానిది, మిగతా వాళ్ల జీతం యాజమాన్యానిది. 2021లో ఎయిడెడ్ కాలేజీల నుంచి గ్రాంటు పోస్టుల్ని ప్రభుత్వం వెనక్కి తీసుకుంటున్నప్పుడు అనంతపురంలో విద్యార్థులు రోడ్డెక్కారు. ఆ తర్వాత మీ కాలేజీ ఏ కోవలో మిగిలిందో ఒకసారి సరిచూసుకోండి, పాత బోర్డును నమ్మొద్దు.

మిగిలినవి ప్రైవేటు కాలేజీలు. ఎక్కువ బాధ ఉన్నది ఇక్కడే. వీటిలో చాలావాటికి రాబడిలో పెద్ద భాగం ఫీజు రీయింబర్స్‌మెంటే, అంటే ప్రభుత్వ సొమ్మే. మధ్యలో కొన్నేళ్లు ఆ డబ్బు తల్లుల ఖాతాల్లో వేశారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ నేరుగా కాలేజీల ఖాతాలకే వేయాలని నిర్ణయించారు. నేరుగా కాలేజీకి పోతున్నప్పుడు తేదీ పట్టుకోవడం సులువు.

మీ సొంత ఫైలు తయారు చేసుకోండి

ఇతరుల లెక్క అడిగే ముందు మన లెక్క మన చేతిలో ఉండాలి. చాలామంది ఇక్కడే జారిపోతారు. నేనూ జారాను.

అపాయింట్‌మెంట్ ఆర్డరు ఉంటే మూడు జిరాక్సులు తీసి ఇంట్లో పెట్టండి. ఇవ్వకపోతే దాని పని చేసే వేరే కాగితాలు పోగేయండి: మీ పేరున్న టైంటేబుల్, ఇన్విజిలేషన్ డ్యూటీ ఆర్డర్లు, స్పాట్ వాల్యుయేషన్‌కు పంపిన ఉత్తర్వు, మీ నియామకాన్ని ఆమోదిస్తూ యూనివర్సిటీ ఇచ్చిన ర్యాటిఫికేషన్ లెటరు, కాలేజీ వాట్సాప్ గ్రూపులో ప్రిన్సిపాల్ పెట్టిన సర్క్యులర్ల స్క్రీన్‌షాట్లు. బ్యాంకుకు పోయి చేరిన రోజు నుంచి ఇప్పటిదాకా స్టేట్‌మెంటు తీసుకోండి. ఏ నెల జీతం ఏ తేదీన పడిందో ఒక తెల్ల కాగితం మీద మీ చేత్తో రాసుకోండి. రాసేటప్పుడే చాలా విషయాలు తెలుస్తాయి. నాకు ఐదు నెలలే ఆగాయనుకున్నాను. అంతకు రెండేళ్ల ముందు ఒక నెల జీతం అసలు పడనే లేదని అలా రాసినప్పుడే తెలిసింది.

ఇంకొక పద్ధతి ఉంది, మనవాళ్లు బయటికి చెప్పుకోలేనిది. రూలు ప్రకారం పూర్తి జీతం అకౌంట్లో వేస్తారు, మూడో రోజుకల్లా అందులో సగం డ్రా చేసి ఆఫీసులో ఇచ్చేయమంటారు. కొన్ని చోట్ల ఏటీఎం కార్డే వాళ్ల దగ్గర పెట్టుకుంటారు. తనిఖీకి వచ్చినవాళ్లకు పాస్‌బుక్కులో అంతా సక్రమంగా కనబడుతుంది. మీ విషయంలో ఇది జరుగుతుంటే, డబ్బు తీసిన ప్రతి తేదీ ఎదురుగా ఎవరు అడిగారు, ఎంత ఇచ్చారు అని అదే రోజు డైరీలో రాయండి. ఏటీఎం కార్డు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే బ్యాంకుకు పోయి ఆ కార్డు ఆపించి కొత్తది తీసుకోండి. అది మీ హక్కు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోవడాన్ని ఏఐసీటీఈ (ఇంజినీరింగ్ లాంటి సాంకేతిక కాలేజీలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ) నిషేధించింది. ఇచ్చి ఉంటే, తిరిగి ఇవ్వమని తేదీతో ఒక లెటరు రాసి కాపీ మీద సంతకం అడగండి. సంతకం పెట్టకపోతే అదే లెటరు స్పీడ్ పోస్టులో పంపండి.

పీఎఫ్ సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. 20 మంది గానీ అంతకన్నా ఎక్కువ మంది గానీ పనిచేసే కాలేజీ పీఎఫ్ కట్టాలి. మీ జీతంలోంచి కోసిన 12 శాతం, యాజమాన్యం కలపాల్సిన 12 శాతం జమ అవుతున్నాయో లేదో మీ పీఎఫ్ ఖాతాకు ఇచ్చే యూఏఎన్ నంబరుతో ఉమంగ్ యాప్‌లో నెలవారీగా కనబడుతుంది. కోసి, కట్టకపోతే అది జీతం ఆలస్యం కన్నా పెద్ద తప్పు. పీఎఫ్ ప్రాంతీయ ఆఫీసు మనకు కడపలోనే ఉంది.

అడగకుండానే దొరికేవి

దీనికి ఒక ఆదివారం సరిపోతుంది. ఏఐసీటీఈ అనుమతి ఉన్న ప్రతి కాలేజీ తన వెబ్‌సైట్లో మాండేటరీ డిస్‌క్లోజర్ అనే పత్రం పెట్టాలి. అందులో ఫ్యాకల్టీ జాబితా, ఫీజులు, ఆడిటైన లెక్కలు ఉండాలి. నాక్ (కాలేజీల నాణ్యతకు గ్రేడు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉంటే సెల్ఫ్ స్టడీ రిపోర్టు కూడా ఉంటుంది. దానిలో జీతాలు కాకుండా ఎంత ఖర్చయిందో ఏడాది వారీగా కనబడుతుంది. ఫ్యాకల్టీ జాబితా జాగ్రత్తగా చదవండి. మీరు ఎన్నడూ చూడని మనుషుల పేర్లు, ఎప్పుడో మానేసిన మీ స్నేహితుడి పేరు అందులో కనిపించొచ్చు. కనిపిస్తే ఆ పేజీని తేదీ పడేటట్టు ప్రింటు తీసుకోండి, రేపటికి మారిపోతుంది.

ఫీజు ఎంతుండాలో లెక్కగట్టి చెప్పేది ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్. 2019లో ప్రత్యేక చట్టంతో పెట్టారు. కాలేజీ ఇచ్చిన ఆదాయ వ్యయాల లెక్కలు చూసి కమిషన్ ఫీజు సిఫారసు చేస్తుంది. ఆ లెక్కల్లో జీతాల ఖర్చే పెద్ద పద్దు. ఇక్కడ ఒక నిమిషం ఆగి ఆలోచించండి. మీకు ఇస్తున్నామని కాలేజీ కమిషన్‌కు ఎంత చూపించిందో, అంత మేరకు విద్యార్థి దగ్గర ఫీజు నిర్ణయమవుతోంది. మీకు ఇచ్చింది అంతకన్నా తక్కువైతే నష్టపోయింది మీరొక్కరే కాదు, ఆ పిల్లల తల్లిదండ్రులు కూడా. మీరూ వాళ్లూ కలిసి అడగాల్సిన లెక్క అది.

అసలు పని: దరఖాస్తు

సమాచార హక్కు చట్టం 2005 కింద తెల్ల కాగితం మీద, తెలుగులో రాస్తే చాలు. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు, సెక్షన్ 6(2) ఆ మాటే అంటుంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై ఆఫీసులకు 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లు ఆధారం జతపరిస్తే అదీ కట్టనక్కర్లేదు. ఆఫీసులోనే కట్టి రసీదు తీసుకోవడం అన్నిటికన్నా మంచిది.

నేను మూడు చోట్ల మూడు దరఖాస్తులు వేయమంటాను. అన్నీ ఒకే కాగితంలో కలిపితే ఏ ఆఫీసూ పూర్తిగా జవాబివ్వదు.

మొదటిది కలెక్టరేట్ దగ్గరుండే జిల్లా సాంఘిక సంక్షేమ శాఖ ఆఫీసుకు. ఇలా రాయండి:

"ఫలానా కాలేజీకి 2024 జూన్ ఒకటో తేదీ నుంచి ఈ దరఖాస్తు తేదీ వరకు బోధనా రుసుముల (ఫీజు రీయింబర్స్‌మెంట్) కింద విడుదలైన మొత్తాలు, విడత వారీగా, జమ అయిన తేదీలతో ఇవ్వగలరు. ఆ కాలేజీకి ఇంకా చెల్లించాల్సిన బకాయి విద్యా సంవత్సరం వారీగా ఇవ్వగలరు. సంబంధిత విడుదల ఉత్తర్వుల నకళ్లు ఇవ్వగలరు."

అంతే. "జీతాలు ఎందుకు ఇవ్వడం లేదు", "ఇది న్యాయమేనా" అని రాయొద్దు. కోపం ఉంటుంది, తెలుసు. అయినా ఈ చట్టం కింద ఆఫీసు ఇవ్వాల్సింది తన దగ్గరున్న కాగితమే, అభిప్రాయం కాదు. తేదీ, మొత్తం, నకలు అన్న మూడు మాటల చుట్టూనే మీ ప్రశ్నలు తిరగాలి. బీసీ విద్యార్థుల వివరాలు వేరే శాఖ దగ్గరున్నా కంగారు పడకండి. సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజుల్లో వాళ్లే ఆ శాఖకు బదిలీ చేయాలి.

రెండోది మీ కాలేజీ అనుబంధంగా ఉన్న యూనివర్సిటీకి. చివరి తనిఖీ కమిటీ రిపోర్టు, ఆ కాలేజీలో ర్యాటిఫై అయిన ఫ్యాకల్టీ జాబితా, జీతాల చెల్లింపుకు కాలేజీ దాఖలు చేసిన ఆధారాలు అడగండి. మూడోది పైన చెప్పిన కమిషన్‌కు. ఫీజు ఖరారు కోసం కాలేజీ ఇచ్చిన ఆదాయ వ్యయ పట్టిక నకలు, అందులో బోధనా సిబ్బంది జీతాల పద్దు, యాజమాన్యానికీ పరిపాలనా సిబ్బందికీ చూపిన పద్దు అడగండి.

మీది ప్రభుత్వ యూనివర్సిటీ అయి, మీరు అకడమిక్ కన్సల్టెంటో గెస్ట్ ఫ్యాకల్టీయో అయితే అడగాల్సినవి వేరు. మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, వాటి బదులు ఎంతమందిని గంటల లెక్కన పెట్టారు, గంటకు ఎంత ఇస్తున్నారు అన్నది ఒక భాగం. పై స్థాయి అధికారుల జీతం, అదనపు బాధ్యతలకు ఇచ్చే గౌరవ వేతనం, వాహనాలు, ప్రయాణాల ఖర్చు ఇంకో భాగం. రాష్ట్ర ఆడిట్ శాఖ గత మూడేళ్లలో లేవనెత్తిన అభ్యంతరాలు, వాటికి యూనివర్సిటీ ఇచ్చిన జవాబులు తప్పకుండా అడగండి. అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది ఆ ఫైలే. పేజీలు ఎక్కువైతే నకళ్ల బదులు ఫైలు చూస్తామని అడగొచ్చు, మొదటి గంటకు ఫీజు ఉండదు.

పోల్చడానికి కొన్ని అంకెలు దగ్గర పెట్టుకోండి. యూనివర్సిటీ చదువుల కేంద్ర సంస్థ యూజీసీ ఏడో వేతన స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700 రూపాయలతో మొదలవుతుంది, ప్రొఫెసర్‌ది 1,44,200తో. గెస్ట్ ఫ్యాకల్టీకి 2019లో యూజీసీ చెప్పింది తరగతికి 1,500, నెలకు 50,000 మించకుండా. పైవాళ్లకు పెద్ద జీతం ఉండటమే తప్పని నేను అనను. మంచి ప్రిన్సిపాల్ దొరకడం కష్టం, ఆ పని కష్టం. కానీ పై జీతాలు ఒకటో తేదీకి పడుతూ కింది జీతాలు ఐదు నెలలు ఆగితే, "డబ్బు లేదు" అన్న మాటకు అర్థం మారిపోతుంది.

జవాబు వచ్చాక

30 రోజుల్లో రావాలి. వస్తే, మీరు చేత్తో రాసుకున్న జీతం తేదీల కాగితం పక్కన పెట్టండి. ఒక లెక్క చూద్దాం. కాలేజీలో 60 మంది టీచింగ్ స్టాఫ్, సగటు జీతం 30,000 అనుకుందాం. నెల బిల్లు 18 లక్షలు. ఆగస్టులో 1 కోటి 20 లక్షల విడత పడినట్టు కాగితం చెబితే, ఆరు నెలలకు పైగా జీతాలకు సరిపోయే సొమ్ము అది. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా మీకు జీతం పడకపోతే, ఇక ఆ కిటికీ దగ్గర అడగాల్సిన ప్రశ్న మీకు తెలిసిపోయింది.

ఒక్కోసారి జవాబు రెండో వైపు కూడా రావచ్చు. ప్రభుత్వమే నిజంగా ఏడాదికి పైగా బకాయి పెట్టి ఉండొచ్చు. మన రాష్ట్రంలో ఏ పార్టీ ఉన్నా ఈ బకాయిలు పేరుకుపోవడం మామూలైంది. అప్పుడు యాజమాన్యాన్ని నిందించి లాభం లేదు. అదే కాగితంతో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు యాజమాన్యం, స్టాఫ్, తల్లిదండ్రులు కలిసి పోయి అర్జీ ఇవ్వాలి. లెక్క ఎటు తేలితే అటు మాట్లాడాలి, ముందే ఒక వైపు నిలబడి లెక్క అడగకూడదు.

ప్రైవేటు కాలేజీ నడిపేది సొసైటీ గానీ ట్రస్టు గానీ. లాభం పంచుకోవడానికి పెట్టినవి కావవి. యాజమాన్యంలోని వాళ్లకూ వాళ్ల బంధువులకూ చేసిన పనికి తగని పెద్ద జీతాలు ఇస్తే ఆదాయపు పన్ను మినహాయింపే ప్రమాదంలో పడుతుంది. సొసైటీ అయితే దాఖలు చేసిన కాగితాలు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఉంటాయి, ఫీజు కట్టి నకళ్లు అడగండి. మన రాష్ట్రంలో ప్రైవేటు మెడికల్ కాలేజీల ఫీజును ఏడాదికి 24 లక్షలకు పెంచిన ఉత్తర్వు చెల్లదని 2022 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, చదువు లాభం కోసం చేసే వ్యాపారం కాదని చెప్పింది.

ఇవ్వం అని వాళ్లంటే

రెండు రకాలుగా కాదంటారు. "అది ప్రైవేటు కాలేజీ, చట్టం కిందికి రాదు" అన్నది మొదటిది. ప్రభుత్వ నిధులతో గణనీయంగా నడిచే కాలేజీలు ఈ చట్టం కిందికి వస్తాయని 2019లో డీఏవీ కాలేజీల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అది వర్తించని కాలేజీ అయినా, ప్రభుత్వ ఆఫీసు చట్ట ప్రకారం తెప్పించుకోగల ప్రైవేటు సంస్థ సమాచారం కూడా సమాచారమేనని సెక్షన్ 2(ఎఫ్) చెబుతుంది. అందుకే కాలేజీని కాకుండా యూనివర్సిటీని, కమిషన్‌ను అడగమన్నాను.

"వ్యక్తిగత సమాచారం" అన్నది రెండోది. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం 8(1)(జె) సెక్షన్‌ను మార్చి ఈ సాకును బలంగా చేసింది. అందుకని పేర్లు అడగొద్దు, హోదా వారీగా అడగండి. ప్రతి ప్రభుత్వ సంస్థా తన అధికారులు, ఉద్యోగుల నెల జీతాలను తనంతట తానే ప్రకటించాలని సెక్షన్ 4(1)(బి) అంటుంది. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వాలన్న 8(2) ఇంకా ఉంది. ఈ రెండూ దరఖాస్తులోనే రాయండి.

జవాబు రాకపోయినా, సగం వచ్చినా, గడువు దాటినప్పటి నుంచి గానీ జవాబు అందినప్పటి నుంచి గానీ 30 రోజుల్లో అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు. దానికి ఫీజు లేదు. అక్కడా కాకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. అక్కడ నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి. తప్పు తేలితే అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా పడుతుంది. ఆ భయంతో మొదటి అప్పీలులోనే చాలా కాగితాలు బయటికి వస్తాయి.

కాగితం చేతికొచ్చాక జీతం అడగడం

ప్రిన్సిపాల్‌కు ఒక్కరు కాదు, పదిమంది సంతకాలతో లెటరు ఇవ్వండి. జవాబు నకలు జతపరచండి. 15 రోజుల గడువు పెట్టండి. మర్యాదగానే రాయండి. కదలకపోతే అదే సెట్టు యూనివర్సిటీ రిజిస్ట్రారుకు, ఇంజినీరింగ్ అయితే ఏఐసీటీఈకి.

ల్యాబ్ అటెండర్లు, డ్రైవర్లు, క్లర్కులు కార్మిక శాఖ ఆఫీసుకు నేరుగా పోవచ్చు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోగా పడాలి, ఉద్యోగం వదిలితే రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. లెక్చరర్లకు ఈ దారి అంత సాఫీ కాదు. ఉపాధ్యాయులు పారిశ్రామిక వివాదాల చట్టంలోని కార్మికులు కారని 1988లో సుప్రీంకోర్టు అన్నది. గ్రాట్యుటీ మాత్రం మనకు వస్తుంది. 2004లో కోర్టు కాదంటే 2009లో పార్లమెంటు చట్టం సవరించింది, 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. ఐదేళ్లు నిండినవాళ్లు వదిలేసుకోకండి.

ప్రభుత్వ సంస్థల్లో కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లకు రెండు తీర్పులు బలం. ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగికి స్కేలులో కనీస వేతనం ఇవ్వాలన్న 2016 జగ్జీత్ సింగ్ తీర్పు ఒకటి. గుజరాత్ ప్రభుత్వ కాలేజీల్లో నెలకు 30,000తో పనిచేస్తున్న కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్లకు కనీస స్కేలు ఇవ్వమన్న 2025 ఆగస్టు తీర్పు రెండోది. హైకోర్టుకు పోవాల్సి వస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది. ఫోన్ నంబరు 15100.

ఇక అందరూ నన్ను అడిగే ప్రశ్న: సంతకం ఎవరు పెట్టాలి? పేరు తెలిస్తే రిలీవింగ్ లెటరు ఇవ్వరు, ఇంకో కాలేజీకి ఫోన్ చేసి చెబుతారన్న టెన్షన్ నిజమైనదే. దరఖాస్తు ఏ పౌరుడైనా వేయొచ్చు. మా దరఖాస్తు మీద ఆ రిటైరైన సీనియరే సంతకం పెట్టారు. "నాకు ఎవరి లెటరూ అక్కర్లేదు నాయనా, నా పేరుతో ఎయ్యి" అన్నారు. మీకూ అలాంటివాళ్లు ఉంటారు, ఒక విద్యార్థి తండ్రో, మానేసి వెళ్లిన స్నేహితుడో. వాళ్ల ఇంటి చిరునామా రాయండి, కాలేజీ చిరునామా వద్దు. వేసిన రోజే క్యాలెండర్లో ముప్పయ్యో రోజు చుట్టూ గీత గీయండి. రసీదు, దరఖాస్తు కాపీ ఒకే కవరులో పెట్టి ఆ కవరు మీద ఆ తేదీ రాయండి.